చిన్నది ఎడమకి, పెద్దది కుడికి

మొన్న భూమి కాగితాల పని మీద బీజాపూర్ వెళ్తున్నాను. మా నాన్నగారి కాలంలో మొదలైన పని అది. నా కాలంలో తెమిలే సూచన లేదు కాబట్టి తొందరపడటం ఎప్పుడో మానేశాను. బస్సు దారిలో ఒక ఊరి మొదట్లో చిన్న బడి పక్కగా నెమ్మదించింది. కిటికీలోంచి చూశాను. ఆవరణ నిండా సున్నంతో గీసిన గీతలు, గీతలు కలిసిన చోటల్లా గుండ్రాలు. వాటి మీద అట్టముక్కలు ముఖానికి అడ్డం పెట్టుకుని పిల్లలు నడుస్తున్నారు. ఇద్దరు ఒక గుండ్రంలో కలిశారు. అట్టలు చూసుకున్నారు. ఒకరు ఎడమకి, ఒకరు కుడికి విడిపోయారు.

బస్సులో కేకలు వేయడం మా ఇంట్లో ఎవరూ చేసిన పని కాదు. నేను వేశాను. డ్రైవరు విసుక్కుంటూ ఆపాడు. సంచీ భుజాన వేసుకుని, కర్ర ఊపుకుంటూ, దాదాపు పరుగున ఆ బడి గేటు దాకా వెళ్ళాను. లోపలున్న కుర్ర మాస్టారు నన్ను ఏ పెద్ద ఆఫీసరో అనుకుని చొక్కా సర్దుకున్నాడు.

"ఈ గీతలు ఎవరు నేర్పారు?" అన్నాను.

"ట్రైనింగులో ఒక మేడం నేర్పారండీ. ఎందుకు సార్?"

"సంతోషం వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునే మేడమా?"

అతను నవ్వేశాడు. "ఆవిడే సార్. మా ట్రైనింగ్ హాల్లో కూడా అలాగే తిరిగారు."

ఆ రోజు నేను భూమి కాగితాల ఆఫీసుకు వెళ్ళలేదు. ఆ బడి మెట్టు మీద కూర్చుని, పిల్లలు గీతల మీద నడుస్తుంటే మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా చూశాను. ఒక పిల్లవాడు తప్పు వైపు తిరిగినప్పుడల్లా నా చెయ్యి దానంతటది లేచింది. ఆవిడ గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. పేరు మాత్రం రాయను. వద్దన్నది ఆవిడే. "పేరు రాస్తే ఆఫీసువాళ్ళకి గుర్తొస్తాను అంకుల్. గుర్తొస్తే ఇంకో చోటికి పంపిస్తారు," అంది ఒకసారి.

ఆ "అంకుల్" దగ్గరే మొదలుపెట్టాలి. మాది తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల, కోంటా నుంచి భేజ్జి వైపు వెళ్ళే దారిలో లోపలికి ఉన్న ఊరు. మా ముత్తాతగారి రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళు మా ఇంటి మాట మీద నడిచేవి. ఇప్పుడు ఊళ్ళు లేవు, పొలాలు చాలావరకు లేవు. మిగిలింది పెంకుల కచేరీ, దాని ముందు ఏనుగును తిప్పగలిగేంత వాకిలి. ఏనుగు మా తాతగారి నాడే పోయింది. అయినా ఊరివాళ్ళు నన్ను దొర అనే పిలుస్తారు, వాకిట్లోకి వస్తే చెప్పులు బయట విడుస్తారు. అలా చేయమని నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

ఆవిడ ఒక మోపెడ్ మీద వచ్చింది. వెనక చక్రం మీది రేకు లేదు, ఎర్రమట్టి వీపంతా చిమ్మి ఉంది. నలభై దగ్గర వయసు, పొట్టి మనిషి, కొంగు నడుముకు దోపి ఉంది. మెట్లెక్కి వచ్చి మా తాతగారి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో మా నాన్నగారు కూడా కూర్చోలేదు.

"అంకుల్, మీ వాకిలి చదునుగా ఉంది. నాకు కావాలి," అంది.

అంకుల్ అని నన్ను అప్పటిదాకా పిలిచినవాళ్ళు లేరు. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిందట. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గనిలో పని చేశాడు. అక్కడ అందరూ అందరికీ అంకుల్, ఆంటీ. వరస ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

"ఏందమ్మా పని?" అన్నాను, ఆ కుర్చీ వైపు చూస్తూ.

"బళ్ళో కంప్యూటర్ చెప్పడానికి వేశారు. బడి చూశారు కదా, రేకుల షెడ్డు. గొడవల కాలంలో కూలిన బిల్డింగు మళ్ళీ కట్టలేదు. పిల్లలు నడవడానికి చోటు లేదక్కడ."

"కంప్యూటరుకు నడవడం దేనికి?"

"మీకు చూపిస్తాను. సున్నం ఉందా ఇంట్లో?"

ఇస్తానని నేను అననే లేదు. సాయంత్రానికి నా వాకిలి నిండా గీతలు వేసింది. ఊరివాళ్ళకు అవి ముగ్గులా కనిపించాయి. ఒక ముసలమ్మ గీత తొక్కకుండా అంచున నిలబడి, "ఎవలికి దిష్టి తీస్తున్నరు దొరా?" అని నన్నడిగింది. నాకూ తెలియదు. తెలియదని చెప్పడం ఇష్టం లేక, "చూస్తవు కదా," అన్నాను.

జిల్లావాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్ ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. కరెంటు వచ్చిన రోజున తెరిచేది, రానిరోజున దాని పెట్టె మీద పిల్లల జావ గిన్నెలు పెట్టేది. "కంప్యూటర్‌కి బుద్ధి లేదర్రా, ఓపిక ఉంది," అనేది. "బుద్ధి మీది, ఓపిక దానిది. మీ బుద్ధి ముందు బాగు చేద్దాం, ఓపిక తర్వాత అరువు తెచ్చుకుందాం."

బుద్ధి బాగు చేసే పద్ధతి చూసి మొదటి రోజుల్లో నాకు ఒళ్ళు మండేది. తను యంత్రం. పిల్లలు హుకుం ఇవ్వాలి. అది వాళ్ళకు చెప్పలేనంత ఆనందం, మేడం మీద హుకుం. "నీళ్ళు పొయ్యి మేడం," అనేవాళ్ళు. ఆవిడ చెంబు వంచి నీళ్ళు నేల మీద పోసేది. "అయ్యో, ఆకు దొప్పల పొయ్యాలె," అనేవాళ్ళు. దొప్పలో పోసేది, నిండినా ఆపేది కాదు, నీళ్ళు పొర్లి కాళ్ళ మీద పడేవి. "ఆపమని అన్లేదు కదా," అనేది. ఎండాకాలంలో బావి నీళ్ళు అలా నేలపాలు చేయడం నేను చూస్తూ ఊరుకోలేక అరుగు మీద నుంచి, "నిండగానే ఆపమనండర్రా," అని అరిచాను. ఆవిడ చటుక్కున నా వైపు తిరిగింది.

"విన్నారా, అంకుల్ ఎంత బాగా చెప్పారో. నిండగానే. ఎప్పుడు ఆపాలో అందులోనే ఉంది."

నాకు గర్వం కలిగింది. నీళ్ళ మీది కోపం ఎటు పోయిందో తెలియదు. మర్నాటి నుంచి పాఠం వేళకు అరుగు మీదికి నా అంతట నేను వచ్చి కూర్చోవడం మొదలైంది.

ఆవిడ అలవాట్లు చెబితే నమ్మరు. మాట్లాడేటప్పుడు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండేది. ఆలోచన గట్టిగా పడితే ఆ ముక్క నోట్లో పెట్టుకునేది. తెల్లటి పెదవులతోనే తిరిగేది, ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఇద్దరు పిల్లలు కలిసి మాట్లాడితే చెవులు మూసుకుని, "ఒకసారి ఒక్క మాట," అనేది. పిల్లవాడు జవాబు ఊహిస్తే, "ఊహించకు, చూడు," అనేది. జవాబు సరిగ్గా వస్తే తల ఊపి ముందుకు పోయేది. తప్పు వస్తే మాత్రం, ఆ ముఖం చూడాలి. "దొరికింది," అనేది, అడవిలో పుట్టతేనె దొరికినట్టు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పిల్లవాడి చుట్టూ తిరిగేది. "ఏడి, ఎక్కడ తప్పింది, మళ్ళీ చెయ్యి, నెమ్మదిగా చెయ్యి." తప్పు చేసిన పిల్లవాడు ఆ రోజుకు పెళ్ళికొడుకు. ఆ బడిలో పిల్లలు తప్పు దాచుకోవడం నేను చూడలేదు. పోటీపడి తెచ్చి చూపించేవాళ్ళు.

ఇక వాకిట్లో గీతల సంగతి. ఒక వైపు ఆరుగురు పిల్లలు నిలబడతారు, ఒక్కొక్కరి చేతిలో అంకె వేసిన అట్ట. గీతల వెంట నడుస్తారు. గుండ్రంలో ఇద్దరు కలిసినప్పుడు అట్టలు చూసుకోవాలి. చిన్న అంకె ఎడమ గీతలోకి, పెద్ద అంకె కుడి గీతలోకి. అలా గుండ్రం తర్వాత గుండ్రం దాటుకుంటూ అవతలి ఒడ్డుకు చేరేసరికి అంకెలు వాటంతటవే చిన్న నుంచి పెద్దకు వరసగా నిలబడతాయి. ఎవరికీ మొత్తం తెలియదు. ప్రతివాళ్ళకూ తెలిసింది ఒక్కటే, ఎదుటివాడి అట్ట. కంప్యూటరు లోపల జరిగేది కూడా ఇలాంటి పనేనట.

మొదటిసారి నడిపించినప్పుడు అంకెలు చిందరవందరగా వచ్చాయి. ఆవిడ అట్టలు మార్చి ఇచ్చి మళ్ళీ నడిపించింది. మళ్ళీ చిందరవందర. మూడోసారి నడిపించి, అందరూ అవతలికి చేరాక ఆగింది. నోట్లో సుద్దముక్క. పిల్లల్ని చూస్తోంది, అట్టల్ని కాదు. చివరికి చెప్పులు చేతికొచ్చాయి.

"అంకుల్, చూశారా? అట్టలు మార్చాను. అంకెలు మారాయి. పిల్లలు మాత్రం మూడుసార్లూ అదే వరసలో వచ్చారు. ముత్తమ్మ ఎప్పుడూ కుడి చివర, ఇడుమ ఎప్పుడూ దానికి ఎడమన. ఇది తప్పు కాదు. తప్పు అయితే ప్రతిసారీ వేరేలా తప్పుతుంది. యంత్రం ఏక్‌దమ్ బాగుంది. కానీ అంకెల్ని పోల్చటం లేదు, ఇంకేదో పోలుస్తోంది. ఏటది?"

నేను లేచి నిలబడ్డాను. ఆ ఆరుగురిని చూశాను. ఆ జవాబు ఆ వాకిట్లో నాకొక్కడికే తెలుసు.

"వరస పోలుస్తోందమ్మా," అన్నాను. "ముత్తమ్మ రెండో తరగతి పిల్లే. కానీ అయిదో తరగతి ఇడుమకు మేనత్త. వాడి తండ్రికి ఆఖరి చెల్లెలు. అత్తను ఎడమకు పంపి తను పెద్ద వైపు ఎలా పోతాడు? ఆ పక్కవాడు ఇడుమకు తమ్ముడి వరస. ఆ చివరిది ఇడుమకు కూతురి వరస."

ఆవిడ ఇడుమ దగ్గరికి పోయి గడ్డం పట్టుకుంది. "నిజమేనా?"

"మా అత్త మేడం," అన్నాడు ఇడుమ, తన భుజం దాకా కూడా రాని ముత్తమ్మను చూపిస్తూ. "ముందల నడిస్తే మా నాయన తంతడు."

ముత్తమ్మ పెద్దరికంగా తల ఊపింది. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆవిడ నన్ను వదల్లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, తరం ముందా వయసు ముందా, బావామరుదులు ఎదురైతే ఎవరు తగ్గుతారు, అన్నీ అడిగింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వరసలూ నాకు తాతల దాకా తెలుసు. పూర్వం పంచాయితీలు మా కచేరీలో జరిగేవి, అవి తెలియకుండా తీర్పు చెప్పలేం. ఎవరికీ అక్కరలేని విద్య నాతో పోతుందనుకున్నాను. ఆవిడ దాన్ని నేల మీద సుద్దతో బాణాలుగా గీసుకుంటూ, "ఇంకా, ఇంకా," అంటోంది. మా ఇంటి పెద్దరికం పోయాక నా మాటను ఎవరైనా అంత ఆకలిగా వినడం అదే మొదలు.

మర్నాడు కొత్త నియమం పెట్టింది. గుండ్రంలోకి వచ్చేటప్పుడు అట్ట ముఖానికి అడ్డం పెట్టుకోవాలి. మనిషి కనిపించకూడదు, అంకె కనిపించాలి. ఇడుమ అట్ట అంచు మీద నుంచి ఒక కన్నుతో చూశాడు, అత్త ముఖం లేదు, పదిహేను ఉంది. తన దగ్గర నలభై. కుడికి నడిచాడు. చివరికి అంకెలు బారుగా నిలబడ్డాయి. వాకిలంతా ఒక్కసారి గోల. ముత్తమ్మ మాత్రం అట్ట దించి, మేనల్లుడి ఎడమన నిలబడ్డానని చూసుకుని, "ఇది ఆటలనే," అని వాడికి గట్టిగా చెప్పింది.

కరెంటు వచ్చిన రోజు ఆవిడ అదే పని లాప్‌టాప్ మీద చేసి చూపించింది. అంకెలు చిలకరించినట్టు పడ్డాయి, కన్ను మూసి తెరిచేలోగా వరసలో నిలబడ్డాయి. పిల్లలు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ముత్తమ్మ కాసేపు చూసి, "ఇది మనలను జూసి నేర్సుకుందా మేడం?" అని అడిగింది. ఆవిడ నవ్వలేదు. "దాదాపు అంతే," అంది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో కబురు వచ్చింది. మా ఊరి బడిలో పిల్లలు తక్కువ, కాబట్టి రోడ్డు మీది పెద్ద ఆశ్రమ పాఠశాలలో కలిపేయాలని ఒక ఆలోచన. పిల్లలు అక్కడే ఉండి చదవాలి. కంప్యూటర్ మేడం ఇక్కడ ఏం చేస్తోందో చూసి తేల్చడానికి బ్లాకు ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తాడట. కంప్యూటరు మీద పిల్లల గిన్నెలు పెట్టుకుని, దొర వాకిట్లో గీతలు గీసి ఆడిస్తోందని ఎవరో ఆయన చెవిన వేశారు.

ఆ సాయంత్రం ముత్తమ్మ తల్లి వాకిలి అంచున నిలబడింది. ఆమె మామ మా తాతగారి మేనా మోసినవాడు. నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాట్లాడింది.

"మా పిల్ల ఇంకా నిద్రల లేసి నన్ను తడుముతది దొరా. ఆశ్రమంల ఎవలని తడుముతది?"

ఒకప్పుడైతే మా ఇంటి నుంచి ఒక మాట వెళ్తే సరిపోయేది. మేడం మోపెడ్‌కి ఆనుకుని ఉంది. "చూసి తేలుస్తారంట కదా అక్కా, చూపిద్దాం," అంది. ఆవిడ గొంతులో భయం వినడం అదొక్కసారే.

అధికారి జీపులో వచ్చాడు. రాయపూర్ వైపు మనిషి, తెలుగు కొద్దిగా వచ్చు. మంచివాడిలాగే ఉన్నాడు, కానీ తొందరలో ఉన్నాడు. నా అరుగు మీద కూర్చోకుండా నిలబడే చుట్టూ చూశాడు. తల్లులు కంచె బయట బుట్టలతో ఆగారు. ఆట తెలిసిన పిల్లల్లో ఒకడు ఇంటివాళ్ళతో ఇప్పపువ్వుకు పోయాడు. ఆ ఆరుగురు కాక మిగతావాళ్ళు ఒకటో తరగతి, పదికి మించి అంకెలు పోల్చలేరు. ఆరో మనిషి లేడు.

"సార్, మీరు రండి," అంది మేడం.

"నై నై, మై దేఖూంగా," అన్నాడు ఆయన, నవ్వి. చూస్తానన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. అట్టల కట్ట చాపింది. నేను అరుగు దిగాను. దిగుతూనే ఎందుకు దిగానా అనుకున్నాను, కానీ అప్పటికి దిగేశాను. అట్ట తీశాను. మూడు. అన్నిటికంటే చిన్నది.

నడక మొదలైంది. నేను అట్ట ముఖానికి అడ్డం పెట్టుకుని, నియమం తప్పకుండా, మొదటి గుండ్రంలోకి నడిచాను. ఎదురుగా ఇరవై ఒకటి. అట్ట కింద చిన్న కాళ్ళు. ఆ కాళ్ళు ఆగాయి. నా అట్ట నా ముఖాన్ని దాచింది గానీ, దాని కింద పంచె అంచును, కర్రను, కిర్రుమనే చెప్పుల్ని దాచలేదు. ఆ ఊళ్ళో వాటిని చూసి పోల్చుకోలేని మనిషి ఎవరు? ముత్తమ్మ ఇరవై ఒకటితో చటుక్కున ఎడమకి తప్పుకుంది. నాకు పెద్ద దారి వదిలింది. వదిలిన దారిలో నడవడం నా కాళ్ళకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అవి నడిచాయి. రెండో గుండ్రంలో ఇడుమ తప్పుకున్నాడు. ఆఖరికి నేను మూడు పట్టుకుని కుడి చివర, అందరికంటే పెద్దవాడిగా నిలబడ్డాను.

అధికారి అట్టలన్నీ చూసి గట్టిగా నవ్వాడు. "మేడం, ఆప్‌కా కంప్యూటర్ తో ఫేల్ హో గయా." మా కంప్యూటర్ ఫెయిలైందట. తర్వాత కొంచెం జాలిగా, "ఆట బాగుంది. ఆశ్రమంలో ఆడించండి, జాగా పెద్దది," అన్నాడు.

కంచె బయట బుట్టలు నేల మీద పెట్టిన చప్పుడైంది.

మేడం చెప్పులు చేత్తో పట్టుకుంది. నాకు ఆశ్చర్యం వేసింది, అంత మంది ముందు, అంత నష్టం మీద. "దొరికింది," అంది. ముత్తమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "ఇరవై ఒకటి పెద్దదా, మూడు పెద్దదా?"

"ఇరవై ఒకటి."

"మరి ఎడమకెందుకు పోయావు?"

ముత్తమ్మ ఆవిడ వైపు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు చూసింది. "దొర చిన్న ఎట్లయితడు మేడం?"

అధికారి నవ్వు ఆపాడు. మేడం లేచి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "అంకుల్, నేను ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళు మీకు దారిస్తారు. నా మాట కాదు ఇక్కడ పని చేసేది," అంది. సుద్దముక్క నోట్లో పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

నేను నిలబడ్డాను. వాకిలి నాది. కంచె బయట ఉన్నది మా ఇంటి మేనా మోసినవాళ్ళ, మా ఇంటి గొడ్లు కాసినవాళ్ళ కోడళ్ళు. వాళ్ళు నన్నే చూస్తున్నారు. ఆ చూపుల్లో అడగడం కూడా లేదు. దొర ఏం చేస్తాడో దొర ఇష్టం.

"ముత్తమ్మా, ఇటు రా," అన్నాను. వచ్చింది. "నీ అట్ట ఎత్తి పట్టు. నాది ఇది. ఎవరిది పెద్దది?"

"నాది," అంది, గొంతులోపలే.

"అందరికీ వినపడాలి."

"నాది పెద్దది."

"అయితే విను. అందరూ వినండి. ఈ గీతల మీద నా చేతిలో ఏ అంకె ఉంటే నేను అంతే. చిన్న అంకె ఉంటే నేను చిన్న. దారి ఇచ్చినవాళ్ళు తప్పు చేసినట్టు. ఇది నా హుకుం."

ఇడుమ వెంటనే, "దొర హుకుం అయింది," అని మిగతావాళ్ళకు చెప్పాడు. అనుమానం తీరిపోయింది. ఇక వాళ్ళకు ఇబ్బంది లేదు. మేడం పకపకా నవ్వి, అధికారితో, "హుకుం కూడా ప్రోగ్రామే సార్. ఎవరు రాస్తే పని చేస్తుందో వాళ్ళు రాయాలి," అంది.

అట్టలు మళ్ళీ కలిపారు. నాకు మళ్ళీ మూడే వచ్చింది. ఆవిడ కావాలనే అలా చేసిందని నా అనుమానం, ఈ రోజుకీ ఒప్పుకోలేదు. నడిచాను. మొదటి గుండ్రంలో ఇడుమ నా పక్క నుంచి కుడికి దూసుకుపోయాడు. నేను ఎడమకి. రెండో గుండ్రంలో ముత్తమ్మ ఆగి, నా అట్ట చూసి, తన అట్ట చూసి, ఊపిరి బిగబట్టి కుడికి దూకింది. నేను ఎడమకి. మళ్ళీ ఎడమకి. నా వెన్ను ఎప్పటిలాగే నిటారుగా ఉంది. ఎడమకి నడవాలంటే వెన్ను వంచక్కరలేదు. కంచె దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు, ఎవరో వాళ్ళను అదిలించారు, తర్వాత అందరూ నవ్వారు. చివరికి నేను గొడ్ల తొట్టి పక్కన, వరసకు ఎడమ చివర నిలబడ్డాను. నా పక్కన ఎనిమిది, పదిహేను, ఇరవై ఒకటి, నలభై, అరవై ఏడు. ఒక్క అంకె తప్పలేదు. అరవయ్యేళ్ళు దాటిన మనిషిని, నేనూ చప్పట్లు కొట్టాను.

అధికారి అట్టలు తనే కలిపి ఇచ్చి ఇంకోసారి నడిపించాడు. ఇంకోసారి కూడా. ఆ తర్వాత బూట్లు విప్పి, "ఏక్ బార్ మై," అంటూ ఇడుమ అట్ట తీసుకుని తనే నడిచాడు. మధ్యలో కుడి ఎడమలు మర్చిపోతే ముత్తమ్మ ఆయన చొక్కా పట్టి సరైన గీతలోకి లాగింది. తొందర పని మీద వచ్చిన మనిషి, జీపు డ్రైవరు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

వెళ్తూ చెప్పాడు. చిన్న క్లాసులు ఇక్కడే ఉంటాయి, తను పైకి అలాగే రాస్తాడు. మేడం మాత్రం ఎండలు తగ్గాక మిగతా బళ్ళ మాస్టార్లకు ఇది నేర్పడానికి తిరగాలి. ముత్తమ్మ తల్లికి హిందీ సరిగా రాదు. మేడం వైపు చూసింది. మేడం ఒకసారి ఒక్క మాటే చెప్పింది. "ఇంట్లోనే ఉంటాది."

ఆ తల్లి బుట్ట నెత్తికెత్తుకుని, పిల్లను చంకనేసుకుని, అరవకుండా ఏడవకుండా వెళ్ళిపోయింది. రెండో తరగతి పిల్ల, అయిదో తరగతివాడికి మేనత్త, చంకలో కూర్చుని పోవడం ఇడుమకు నచ్చలేదు. "దిగత్తా, అందరు జూస్తున్నరు," అంటూ వెంట నడిచాడు.

మర్నాడు ఇప్పపువ్వుకు పోయిన పిల్లవాడు ఇంకా రాలేదు. బడి గంట కొట్టకముందే నేను గీతల మొదట నిలబడి ఉన్నాను. మేడం నన్ను చూసి అట్టల కట్ట చాపింది. తీశాను. తిప్పి చూసుకున్నాను. అరవై ఏడు, కట్టలో అన్నిటికంటే పెద్దది. నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో అబద్ధం ఆడను. దాన్ని అలాగే చేత్తో పట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాను.

"సంతోషపడటం అయ్యాక నడవండి అంకుల్," అంది ఆవిడ. "వెనక పిల్లలు ఆగిపోయారు."